పర్లేదు ఎన్నో గడి?

రహమత్ నగర్, హైదరాబాద్
20 జులై 2025, ఆదివారం

తబితకి,

పిన్ని రాసేది. పొద్దున గుడిలో పూజ అయ్యాక తిన్నగా ఇంటికొచ్చి ఈ కాగితం ముందేసుకున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. పుణెలో నువ్వు వేళకి తింటున్నావో లేదో నువ్వే రాయాలి.

ఈ రోజుల్లో ఉత్తరమేంటి పిన్నీ అని నవ్వుతావు. నవ్వు. ఫోను స్పీకరు పోయింది, యూసుఫ్‌గూడలో రిపేరుకిచ్చాను. వాట్సాప్‌లో తెలుగు కొట్టడం నాకు రాదు. పోయినసారి ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అనబోయి ‘కల్లు’ అని పంపితే, ఎన్ని ముంతలు తాగావే అని మీ అమ్మ వారం రోజులు ఏడిపించింది. నీ కోసం అంత అవమానం మళ్ళీ పడలేను.

పన్నెండో తారీఖున ఫిల్మ్ నగర్‌లో మీటింగు అయింది. మేం అడిగేది నీకు తెలుసు కదా: ఏడుపులు, అరుపులు ఉన్న సీన్లకి గంటసేపు డబ్బింగ్ చెబితే, పది నిమిషాలు గొంతుకి విశ్రాంతి ఇవ్వాలని. నోటిమాటగా కాదు, కాగితం మీద. డబ్బింగ్ థియేటర్ల వాళ్ళు వచ్చారు, మన సంఘం ప్రెసిడెంటు కాశీవిశ్వనాథం గారు వచ్చారు. మా గొంతుల మీద నువ్వు రాసిన రిపోర్టు పైకి చదివారు. బాగుందన్నారు, చాలా కష్టపడిందన్నారు.

ఇంకేం రాయను? ఇక్కడ వానలు. కింద పోర్షన్ శకుంతలమ్మ నీ గురించి అడిగింది. తలకి నూనె రాసుకో.

ఇట్లు,
నీ పిన్ని అంతోనమ్మ

పుణె
27 జులై 2025

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసుకొస్తే అందరూ చుట్టూ చేరి చూశారు. మా గైడు భువన మేడమ్ అయితే కవరు పట్టుకుని స్టాంపు కూడా చదివారు. అందులో రిపోర్టు బాగుందన్నారని ఉంది కాబట్టి ఆ ముక్క వాళ్ళకి గర్వంగా చదివి వినిపించాను కూడా. పది నిమిషాల విశ్రాంతి సంగతి ఏమైందో మాత్రం నువ్వు రాయలేదు. ఇస్తామన్నారా?

రిపేరుకిచ్చిన ఫోను రింగవుతోంది పిన్నీ. రోజుకి రెండుసార్లు చేస్తున్నాను. ఎవరూ ఎత్తరు. నాకర్థమైంది. రిపోర్టు చివర కృతజ్ఞతల్లో నీ పేరు లేదు, అదేనా కోపం? పన్నెండు శనివారాలు ఫారాల కట్ట చంకలో పెట్టుకుని ఫిల్మ్ నగర్ నుంచి శ్రీనగర్ కాలనీ దాకా థియేటర్లన్నీ తిరిగింది నువ్వు. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించింది నువ్వు. బంధువు పేరు వేస్తే లెక్కల మీద అనుమానం వస్తుందని ఎవరో అంటే తీసేశాను. తప్పే. ఎవరి ఫారం ఎవరిదో నాకు తెలియకూడదని నంబర్లు మాత్రమే పంపి, పేర్ల పట్టీ నీ దగ్గరే దాచావు. అంత నమ్మకంగా చేసినదానికి నేను చేసింది ఇది.

సెప్టెంబరులో ఇదే పేపరు కాన్ఫరెన్సులో చదువుతున్నాను. అక్కడ నీ పేరు వేస్తాను. ఇక ఫోనెత్తు.

నీ కూతురే,
తబిత

రహమత్ నగర్
2 ఆగస్టు 2025

అమ్మా తబితా,

పేరు లేదని అలిగే వయసా నాది? ఇరవై ఎనిమిదేళ్ళుగా తెర మీద ఇంకొకళ్ళు నోరు కదిపితే మాట నాది. పేరు ఎప్పుడూ ఎవరూ వేయలేదు. దాని గొడవ వదిలెయ్.

నువ్వు పదిమందికీ చదివి వినిపించానని రాశాక ఇంక దాచడం తప్పనిపించి రాస్తున్నాను. బాగుందన్నది మనవాళ్ళు కాదమ్మా, అవతలివాళ్ళు. థియేటర్ల తరఫున వచ్చినాయన ఒక్క వాక్యం కింద ఎర్రగీత గీసి తెచ్చుకున్నాడు. ‘ఎక్కువ గంటలు పనిచేయడం వల్ల గొంతు పాడవుతుందనడానికి ఈ అధ్యయనంలో ఆధారం కనబడలేదు’ అని రెండుసార్లు చదివాడు. ‘మేం రాయించింది కాదండీ, మీవాళ్ళే రాయించుకున్నారు’ అన్నాడు. కాశీవిశ్వనాథం గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అక్కడితో మీటింగు అయిపోయింది.

ఆ రిపోర్టు మనకి మేలు చేస్తుందని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేను. మా అక్క కూతురు, పెద్ద చదువు, లెక్కల్లో దిట్ట అని డప్పు కొట్టింది నేను. మెట్ల దగ్గర రాజమ్మ, అదే, కేకల సీన్లన్నీ చెప్పే రాజమ్మ, నన్నాపి ‘ఏం అంతోనమ్మా, మీ పిల్ల మంచి పని చేసింది’ అంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు ఆటో కూడా ఎక్కకుండా తలొంచుకుని నడిచి ఇంటికొచ్చాను.

నిన్ను అనడం లేదు. నీకు వచ్చిందే రాసి ఉంటావు.

పిన్ని

పుణె
8 ఆగస్టు 2025

పిన్నికి,

‘నిన్ను అనడం లేదు’ అని రాశావు కానీ ఉత్తరం అంతా అన్నట్టే ఉంది. మనకి నచ్చిన జవాబు రాలేదని లెక్కని మార్చలేం. అలా మారిస్తే అవతలివాళ్ళకీ మనకీ తేడా ఏముంది?

నేనేం చేశానో వివరంగా చెబుతాను, రాజమ్మ గారికీ చెప్పు. ఫారంలో ఐదు గడులు: బాగుంది, పర్లేదు, కొంచెం బొంగురు, బాగా బొంగురు, మాట రావట్లేదు. వీటికి ఒక వరస ఉంది. ఒకటో గడికీ రెండో గడికీ మధ్య దూరమూ, నాలుగుకీ ఐదుకీ మధ్య దూరమూ సమానమని నేను అనుకోలేదు. వరసని మాత్రం నమ్మి, పనిగంటలు పెరిగేకొద్దీ మనిషి కింది గడికి జారే అవకాశం పెరుగుతుందా అని చూసే పద్ధతి ఒకటుంది, లాజిస్టిక్ రిగ్రెషన్‌లో. అదే వాడాను. నలభై ఒక్కమంది, పన్నెండు వారాలు, మొత్తం నాలుగువందల తొంభై రెండు జవాబులు. ఇంతమంది చెప్పిన మాట తప్పు కాదు పిన్నీ. గంటలు ఎక్కువున్న చోట గొంతులు ఇంకాస్త బాగున్నాయి కూడా. అది నేను కల్పించింది కాదు.

ఫోనెత్తితే ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోయేది. కోపం తగ్గాక ఎత్తు.

తబిత

రహమత్ నగర్
15 ఆగస్టు 2025

తబితా,

ఈ రోజు మరియమాత పండుగ. గుడి కిటకిటలాడింది. ఏటా ఈ రోజు వాక్యపఠనం నాదే, ఈసారి వేరే అమ్మాయి చదివింది. బాగానే చదివింది, కాస్త తొందర. నువ్వు చిన్నప్పుడు ముందు బెంచీలో కూచుని నా కూడా పెదాలు కదిపేదానివి, గుర్తొచ్చింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం తెచ్చుకోకు, తెలియక అడుగుతున్నాను. ఆ నాలుగువందల తొంభై రెండుమంది ఎక్కడున్నారు? మేం ఉన్నది నలభై ఒక్కళ్ళమే కదా. రాజమ్మ ఒక్కతే పన్నెండుసార్లు చెప్పింది. అది పన్నెండుమంది రాజమ్మలు చెప్పినట్టు ఎలా అవుతుంది?

ఇంకోటి. గంటలు ఎక్కువున్న చోట గొంతులు బాగున్నాయన్నావు. ఉండవూ మరి? గట్టి గొంతున్న వాళ్ళనే ఎక్కువ గంటలు పిలుస్తారు. రాజమ్మది ఇనప గొంతు కాబట్టి కేకలన్నీ దానికే పోతాయి. నీరసం గొంతు వాళ్ళకి వారానికి రెండు గంటలు దొరకడం కూడా గగనం. రాజమ్మని తెచ్చి వాళ్ళ పక్కన నిలబెడితే, అరిస్తే గొంతు బాగుపడుతుందనే అనిపిస్తుంది. రాజమ్మ జనవరిలో ఎట్లా ఉంది, మార్చిలో ఎట్లా ఉందో చూడాలి గానీ.

నాకు లెక్కలు రావు. పదో తరగతిలో లెక్కల్లోనే పోయింది. ఏదో తోచింది రాశాను, తప్పయితే నవ్వి ఊరుకో.

పిన్ని

పుణె
22 ఆగస్టు 2025

పిన్నీ,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియట్లేదు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి పోలేదు. జ్వరం అని చెప్పాను. జ్వరం లేదు.

నువ్వడిగిందే మేలో భువన మేడమ్ అడిగారు. ‘ఒకే మనిషి పన్నెండుసార్లు చెప్పిన మాటని పన్నెండుమంది మాటగా లెక్కేస్తున్నావా?’ అని. సరిచేస్తున్నాను మేడమ్ అన్నాను. సరిచేయడమంటే ప్రతి మనిషికీ తనదైన మొదలు ఒకటి ఉందని మోడల్‌కి చెప్పాలి. ఎవరు ఇనప గొంతుతో మొదలుపెట్టారు, ఎవరు నీరసంగా మొదలుపెట్టారు అన్నది పక్కకి తీసి, ఎవరి పనిభారం ఎక్కువైన వారాన్ని వాళ్ళదే తక్కువైన వారంతో పోల్చాలి. చేశాను. కంప్యూటరు కుదరదని ఎర్ర అక్షరాలు చూపించింది. మూడు రోజులు పెనుగులాడాను. జూన్ మొదటికల్లా ఇస్తానని నీకు మాటిచ్చాను, కాన్ఫరెన్సు గడువు కూడా అదే. నాలుగో రోజు దాన్ని వదిలేసి, తేలిగ్గా వచ్చిందే రాసేశాను. మేడమ్‌కి సరిచేశానని అబద్ధం చెప్పాను. తెలియక చేసిన తప్పు కాదు పిన్నీ. తెలిసి చేసింది. నీకు పదో తరగతి లెక్కలు రాకపోయినా కనబడింది, నాకు కనబడీ కళ్ళు మూసుకున్నాను.

ఈ వారం మళ్ళీ కూర్చున్నాను, ఈసారి కుదిరింది. ఎవరైనా తమ మామూలు కంటే ఆరు గంటలు ఎక్కువ చెప్పిన వారం, కింది గడికి జారడానికీ జారకపోవడానికీ ఉన్న నిష్పత్తి రెండింతలు దాటింది. రాజమ్మ గారిలా ఇనప గొంతుతో మొదలుపెట్టినవాళ్ళు కూడా జారారు, మెల్లగా, మూడు వారాలకి ఒకసారి. నేను రాసిన ఎర్రగీత వాక్యం పూర్తిగా తప్పు.

ఒక చిన్న సందేహం ఉంది. పదిహేడో నంబరు మనిషి పన్నెండు వారాలూ ‘పర్లేదు’ అనే టిక్కు పెట్టారు. గంటలు నాలుగైనా, ముప్ఫై అయినా పర్లేదే. చదవకుండా పెట్టేసినట్టుంది. ఒకే జవాబు ఇచ్చిన మనిషి లెక్కకి పనికిరారు, తీసేద్దామనుకుంటున్నాను. పేరు చెప్పక్కర్లేదు. శ్రద్ధ లేని మనిషా, కాదా, అది ఒక్కటీ చెప్పు చాలు.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేస్తోంది.

తబిత

రహమత్ నగర్
28 ఆగస్టు 2025

తబితా,

నీ లెక్కకి పనికిరాని ఆ పదిహేడో మనిషిని నేనే.

శ్రద్ధ లేక కాదు. ప్రతి శనివారం అందరివీ అయ్యాక, ఆఖర్న నాది పెట్టేదాన్ని. ఫారం నా చేతిలోనే ఉంది, నిజం రాస్తే ఎవరూ చూడరు. అయినా పెట్టలేకపోయాను. నువ్వు గడులు పేర్చినప్పుడే అడగాల్సింది, పర్లేదు అనేదాన్ని ‘బాగుంది’ పక్కన ఎందుకు పెట్టావని. బయట జనానికి పర్లేదంటే ఇంచుమించు బాగున్నట్టే కావచ్చు. మా థియేటర్లో కాదు. సౌండ్ ఇంజనీరు అద్దం అవతలి నుంచి ‘గొంతెలా ఉందమ్మా, ఇంకో టేక్ చేద్దామా’ అంటాడు. కొంచెం బొంగురు అన్నామా, ‘ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి’ అంటాడు, మర్నాటి నుంచి ఇంకొకరిని పిలుస్తాడు. అందుకని మంట పుడుతున్నా పర్లేదంటాం. పర్లేదంటే, నొప్పిగానే ఉంది, దయచేసి పంపించెయ్యకండి అని. నాకైతే అది నాలుగో గడి. ఒక్కోసారి ఐదో గడి కూడా.

ఫోను బాగానే ఉంది. పోయింది నా గొంతు.

నీకు రాయకూడదనుకున్నాను. మీటింగు అయిన మూడో రోజు మంగళవారం, కొడుకు శవం మీద పడి తల్లి ఏడిచే సీను చెప్పాను. రెండు గంటలయ్యాక, ఎప్పుడూ అడిగినట్టే కాసేపు మంచినీళ్ళు తాగి వస్తానన్నాను. అప్పటిదాకా నోటిమాట మీద ఇచ్చేవాళ్ళు. ఆ రోజు ఇంజనీరు అబ్బాయి నవ్వుతూనే అన్నాడు, ‘మీ అమ్మాయే రాసిందిగా అంతోనమ్మ గారూ, గంటలకీ గొంతుకీ సంబంధం లేదని’. నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం రోషం వచ్చింది. నా పిల్ల రాసింది అబద్ధమని నేనే ఎలా చూపించను? ఆపకుండా ఇంకో నాలుగు గంటలు ఏడ్చాను. మర్నాడు పొద్దున లేచి పాలబ్బాయిని పిలిస్తే గాలి తప్ప మాట రాలేదు.

గొంతు నరంలో కాయ చిట్లి రక్తం వచ్చిందన్నాడు డాక్టరు. ఆరు వారాలు మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దన్నాడు. శకుంతలమ్మ పాపం రోజూ చారు తెచ్చిస్తోంది. ‘ఏందక్కా, గట్ల మూగనోము పట్టినవ్? ఏమైందో జర చెప్పరాదు’ అంటుంది, పలక మీద రాసి చూపిస్తాను.

నీకెందుకు దాచానంటే, నీవల్ల అని నువ్వనుకుంటావని. అంతకంటే నా సిగ్గు ఒకటుంది. నీకు తప్పుడు ఫారాలు ఇచ్చింది నేను. నిజం రాసి ఉంటే నీ లెక్క సరిగ్గా వచ్చేదేమో. సొంత పిల్లకి కూడా పర్లేదనే చెప్పాను.

పిన్ని

పుణె
3 సెప్టెంబరు 2025

పిన్నీ, పిన్నీ,

జనవరి నుంచి ప్రతి శనివారం నీకు ఫోన్ చేసేదాన్ని. ఫారాలు అయ్యాయా, ఎలా ఉన్నావు అనేదాన్ని. పర్లేదు అనేదానివి. ఆ మాట ఎంత బొంగురుగా వచ్చేదో ఇప్పుడు నా చెవుల్లో మోగుతోంది. ఒకసారి జలుబా అని కూడా అడిగాను. నీ జవాబు వినకుండానే గంటల లెక్కలు సరిపోయాయా అన్నాను. చెవితో విన్నదాన్ని వదిలేసి, గడిలో టిక్కుని నమ్మాను. నీ ఫారం తప్పుడుది కాదు, నేను పెట్టిన వరస తప్పు. ఆ మాట మన ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటున్నాను, దాని అర్థం తెలియదని ఎవరికి చెప్పను? నీ గొంతుని నా వాక్యం తీసేసింది పిన్నీ. ఎన్ని రకాలుగా రాసినా అది అంతే.

భువన మేడమ్‌కి నిజం చెప్పాను. ఆవిడ అరవలేదు. ‘ఆ థియేటర్ల వాళ్ళకి నువ్వే రాస్తావా, నన్ను రాయమంటావా’ అన్నారు. నేనే రాశాను. కాన్ఫరెన్సు నుంచి పేపరు వెనక్కి తీసుకున్నాను. కాశీవిశ్వనాథం గారికి సంతకం పెట్టి పంపాను, రిపోర్టులోని ఆ వాక్యం తప్పనీ, తప్పని తెలిసే తొందరలో రాశాననీ. ఆ ‘తెలిసే’ అన్న ముక్క రెండుసార్లు కొట్టేసి, మూడోసారి మళ్ళీ రాశాను.

ఇప్పుడు నీ ఒక్కదాని మాట మీద పర్లేదుని నాలుగో గడికి మారిస్తే, అది మళ్ళీ నాకు నచ్చిన జవాబు కోసం చేసినట్టే. అందుకని పదమూడో తారీఖున వస్తున్నాను. నలభై ఒక్కమందినీ కూర్చోబెట్టి, మీకు పర్లేదంటే ఎన్నో గడి అని అడుగుతాను. వాళ్ళు నా మొహం చూడకపోయినా అడుగుతాను. పదిహేడో నంబరుని తీసెయ్యను.

నువ్వు మాట్లాడకు. తలుపు తీస్తే చాలు.

తబిత

రహమత్ నగర్
9 సెప్టెంబరు 2025

తబితా,

నీ కాగితం చేరింది. కాశీవిశ్వనాథం గారు దాన్ని ఇంజనీరు గదిలో మైకు పెట్టి చదివారట, లోపల చెప్పేవాళ్ళకీ బయట కూచున్నవాళ్ళకీ వినబడేలా. రాజమ్మ వచ్చి చెప్పింది. కొందరు తిట్టారట. పరువు తీసి, గొంతు తీసి, ఇప్పుడు తప్పయిందంటే సరా అన్నారట. నీకు మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు, అన్నారు. థియేటర్ల తరఫు ఆయన ‘రేపు ఇది కూడా తప్పే అనదని గ్యారంటీ ఏంటి’ అన్నాడట. ఇరవయ్యో తారీఖున మళ్ళీ మీటింగు. ఏమవుతుందో తెలియదు.

రాజమ్మ మాత్రం ఆ కాగితం అడిగి తీసుకుని సంతకం దాకా చదివిందట. ‘చదువుకున్నవాళ్ళు తెలిసే చేశామని రాయడం ఇప్పుడే చూశాను. వచ్చాక ముందు నా చేత నాలుగు చీవాట్లు తింటుంది, తర్వాత నా ఫారం నింపుతాను’ అంది. చీవాట్లు తిను. నీకు అవసరమే.

మొన్న డాక్టరు మాట్లాడి చూడమన్నాడు. నీ పేరే పలికాను. ‘త’ వచ్చింది, మిగతాది రాలేదు. ఆపరేషన్ అంటున్నాడు. ఆ తర్వాత మైకు ముందు నిలబడే గొంతు ఉంటుందో లేదో ఆయన చెప్పలేదు, నేనూ రాసి అడగలేదు. భయమేసింది.

నీ కట్టలో ఒక ఫారం మిగిలిపోయింది. పదమూడో వారం అని రాసి దీంతో పెడుతున్నాను. నిజం చెప్తున్నాను, అలవాటు కొద్దీ పెన్ను రెండో గడి మీదికే పోయింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత ఐదో గడిలో టిక్కు పెట్టాను. నంబరు రాయాల్సిన చోట పేరు రాశాను.

పి. అంతోనమ్మ
డబ్బింగ్ ఆర్టిస్టు